జానీబీ సాము

హయాత్ వస్తాదు ఎత్తుగా పేర్చిన మిరపబస్తాల నెట్టు మీంచి పడ్డాడన్న కబురు నల్లపాడు చేరేసరికి, జానీబీ పెరట్లో కొత్త పరుపును ఎండకు తిరగేస్తోంది. కబురు తెచ్చిన యలమందయ్య మొదట నిజం చెప్పలేదు.

"కాలు బెణికింది వదినా. ఆసుపత్రిలో కట్టు కడతన్నారు. నువ్వు కంగారు పడమాకు" అన్నాడు.

కాలు బెణికిన మనిషి కోసం ఇంత లావు మగాడు గుమ్మం పట్టుకుని వణకడమేమిటని ఆమెకు అప్పుడే అనుమానం వచ్చింది. చేతులకంటిన దూది దులుపుకోకుండానే బండెక్కింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన మరుసటేడు ఎండాకాలం అది. వాళ్లది దూదేకుల ఇల్లు. హయాత్ ఏడాదిలో సగం రోజులు పరుపులకూ బొంతలకూ దూది ఏకేవాడు. మిరపకాయల రోజుల్లో గుంటూరు గిడ్డంగులకు బస్తాలు మోయడానికి పోయేవాడు. అవన్నీ పొట్టకోసం. ఊరికి మాత్రం ఆయన వస్తాదు. రైలుకట్ట పక్కనున్న తాలింఖానా ఆయనది. తెల్లారకముందే ఊళ్లో వయసు కుర్రాళ్లంతా అక్కడ చేరి దండీలూ బస్కీలూ తీసేవాళ్లు, గోదాలో దిగి కుస్తీ పట్లు నేర్చుకునేవాళ్లు. హిందువులు, ముస్లిములు అన్న తేడా ఆ మట్టిలో ఉండేది కాదు. యలమందయ్య పత్తి పండించే రైతు. అయినా వస్తాదు ఎదుట చెప్పులేసుకుని నిలబడేవాడు కాదు.

జానీబీ ఏనాడూ ఆ తాలింఖానా గడప తొక్కలేదు. ఆడవాళ్లు అటు వెళ్లకూడదు. పెళ్లయి పన్నెండేళ్లయినా కడుపు పండలేదు. అత్త రహిమున్నీసా ఒకటి రెండు సార్లు కొడుక్కి మారుమనువు మాట ఎత్తింది కూడా. హయాత్ అవుననలేదు, కాదనలేదు. ఆయన మాటలన్నీ శిష్యుల కోసమే. ఇంటికొచ్చాక "అన్నం పెట్టు", "నీళ్లు తోడు" అన్నవి తప్ప పెళ్లాంతో ఆయన మాట్లాడింది బహు తక్కువ.

ఆసుపత్రిలో పెద్ద డాక్టరు ఆమెను వరండాలోకి పిలిచి చెప్పాడు. వెన్నుపూస విరిగింది. నడుము కింద స్పర్శ లేదు, ఇక రాదు. ఇంటికి తీసుకెళ్లి జాగ్రత్తగా చూసుకోవాలి. మాటిమాటికీ పక్క మార్చాలి, ఒళ్లు పొడిగా ఉంచాలి. పుండ్లు పడ్డాయా, మనిషి దక్కడు.

తొలకరి పడే రోజుల్లో హయాత్‌ని ఇంటికి చేర్చారు. పెరట్లో తాటాకు పందిరి కింద మంచం వేశారు. మొదట్లో శిష్యులు వంతులు వేసుకుని పొద్దునా సాయంత్రమూ వచ్చేవాళ్లు. ఇద్దరు పట్టుకుని స్నానపు రాయి మీదికి చేర్చేవాళ్లు, ఇద్దరు పక్క మార్చేవాళ్లు. ఒకరు పాలు తెచ్చేవాళ్లు, ఒకరు గుడ్లు తెచ్చేవాళ్లు. అందరూ "వస్తాదూ, వస్తాదూ" అంటూ మంచం చుట్టూ మూగేవాళ్లు. హయాత్ కళ్లు మూసుకుని పడుండేవాడు.

తరవాత పత్తి విత్తే అదను వచ్చింది. పొలం పనులు ఎవర్ని ఆగనిస్తాయి? ఒకరోజు ఒకరు తగ్గారు, మరో రోజు ఇద్దరు తగ్గారు. ఒకనాడు పొద్దున ఎవరూ రాలేదు. హయాత్ మంచంలోనే తడిపేసుకున్నాడు. ఆపైన అంతకంటే ఎక్కువే అయింది. జానీబీ ఒక పక్క, ముసలి అత్త ఒక పక్క పట్టి కదిలించబోయారు. రాతిగుండు లాంటి మనిషి, ఇద్దరి వల్లా కాలేదు. అత్తకు ఉబ్బసం తన్నుకొచ్చి గోడకు చేరగిలబడింది. మిట్టమధ్యాహ్నం యలమందయ్య పొలం నుంచి పరుగెత్తుకొచ్చేదాకా హయాత్ ఆ కంపులోనే ఉన్నాడు. యలమందయ్య ఎత్తుతుంటే ముఖం అటు తిప్పేసుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన భార్యను పిలిచాడు.

"జానీ, ఇట్టా రా. కూచో."

ఆమె మంచం పట్టె మీద కూచుంది.

"నా ఒళ్లు ఊరోళ్లు కడగటం ఇక నా వల్ల కాదు. నన్ను నువ్వే ఎత్తాలి. ఒక్కదానివే."

"నేనా? బిందె ఎత్తితేనే ఆయాసమొచ్చేదాన్ని. నీ భుజం కూడా కదపలేకపోయాగా పొద్దున."

"నిరుడు యలమందయ్య ఎట్టా ఉండేవాడు? కందికట్టెలాగ ఉండేవాడు. ఇయ్యాల నన్ను ఎత్తి పడేశాడు. వాడికి నేర్పినోణ్ణి నీకు నేర్పలేనా?"

మర్నాడు తెల్లవారుతూనే మొదలుపెట్టాడు. చీర గోచిపోసి కట్టమన్నాడు. పందిరి గుంజ పట్టుకుని బస్కీలు తీయమన్నాడు.

"కూచో. లెగు. మడమలు లేపమాకు. నేల మీద కాదు, నా మొకం మీద పెట్టు చూపు. మళ్లీ కూచో."

కాసేపటికే ఆమె కాళ్లు వణికాయి. కళ్లు బైర్లు కమ్మి దడి దగ్గరికెళ్లి వాంతి చేసుకుంది. తిరిగొచ్చి చూస్తే హయాత్ జాలి పడటం లేదు. "మొకం కడుక్కుని రా, ఇంకా అవలేదు" అన్నాడు. మూడోనాటికి తొడలు బిగుసుకుపోయి పొయ్యి ముందు కూచోలేకపోయింది. నిలబడే పిండి కలిపింది, నిలబడే అన్నం తింది.

రహిమున్నీసాకు ఇదంతా కంటగింపుగా ఉంది.

"ఆడది గోచి బిగించి గెంతులేస్తంటే ఊళ్లో తలెత్తుకుని తిరగ్గలమంట్రా? దడి సందుల్లోంచి అందరూ చూస్తన్నారు. కనకలక్ష్మమ్మ గారు నన్ను బావి దగ్గర ఆపి మరీ అడిగింది, మీ కోడలికి పిచ్చిగానీ పట్టిందా అని."

"అమ్మా, నువ్వు ఎత్తుతావా నన్ను?" అన్నాడు హయాత్ మెల్లగా.

ముసలామె నోరు మూసుకుని లోపలికి పోయింది. మర్నాడు జానీబీ లేచి చూసేసరికి, అత్త ఎక్కడివో తాటాకులు తెచ్చి దడి సందులన్నీ మూసి కడుతోంది.

బస్కీల తరవాత దండీలు. దండీల తరవాత మన్ను మూట. చిన్న గోతంలో పొలం మన్ను పోయించి, దాన్ని గుండెకు హత్తుకుని లేవమన్నాడు. రోజూ సాయంత్రం ఒక దోసెడు మన్ను అందులో వేయాలి. అంతే. దోసెడంటే ఏపాటిది? రేపటి మూట ఇవాళ్టి మూటలాగే ఉంటుంది. అట్లా అనుకుంటూనే ఆమె రోజులు గడిపింది.

"నడుముతో ఎత్తమాకు. నడుమును నమ్మమాకు, నా గతి చూస్తన్నావుగా. మూటను ఒంటికి ఆనించుకో. తొడలతో లెగు."

ఒకనాడు ఆమె సగంలో ఊపిరి బిగబట్టింది. "ఒరేయ్! ఊపిరి ఆపితే చస్తావురా!" అని అరిచాడు హయాత్. అరిచాక ఇద్దరూ ఆగిపోయారు. జానీబీకి నవ్వొచ్చింది. మూట కిందపడేసి పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయనా నవ్వాడు. పడ్డప్పటి నుంచి ఆయన నవ్వడం అదే మొదలు. మీసాల కింద పళ్లు కనబడ్డాయి.

అప్పటి నుంచి ఆయన పాఠం మధ్యలో ఎన్నో చెప్పేవాడు. తనకు వస్తాదెవరో చెప్పాడు. మంగళగిరి తిరునాళ్లలో తొలిసారి ఓడిపోయి, సిగ్గుతో రాత్రంతా రైలు పట్టాల వెంట నడిచి ఇల్లు చేరిన సంగతి చెప్పాడు. తాలింఖానాలో చెప్పే మాటలన్నీ ఇప్పుడు ఆమెకు చెప్పేవాడు. కాపురానికొచ్చిన ఇన్నేళ్లకు తన మొగుడి గొంతు ఇట్లా ఉంటుందని ఆమెకు తెలిసింది. తెల్లవారడం కోసం ఆమె ఎదురుచూసేది. ఎదురుచూస్తున్నందుకు తనను తాను తిట్టుకునేది. మనిషి మంచాన పడితే గానీ దక్కని సుఖం కూడా ఒక సుఖమేనా అని.

దసరా వెళ్లాక యలమందయ్య పత్తి తూచే కాటా తెచ్చి పందిరి దూలానికి వేలాడదీశాడు. వస్తాదును గోనెపట్టాలో కూచోబెట్టి తూచాడు.

"తేమ ఎక్కువుంది వస్తాదూ, ధర పలకదు" అన్నాడు.

"గింజ మంచిది, చూసుకోరా" అన్నాడు హయాత్.

ఆ తూకానికి సరిగ్గా సరిపోయేంత మన్ను పక్కన కుప్పపోయించాడు. పెద్ద గోతం తెప్పించి, జానీబీ మోయగలిగినంతే అందులో పోయించాడు. కుప్ప అయిపోయి, మన్నంతా గోతంలోకి చేరిన రోజున ఆమె ఆయన్ను ఎత్తాలి. శిష్యులు తెచ్చే పాలు, గుడ్లు, నెయ్యి ఆమె చేత బలవంతంగా తినిపించేవాడు. "కదలని ఒంటికి నెయ్యెందుకు? బరువెత్తేది నువ్వు" అనేవాడు. తన కంచంలోది కూడా ఆమె ముందుకు తోసేవాడు.

సంక్రాంతి దాటి మిరప కోతలు మొదలైన రోజుల్లో కుప్ప అయిపోయింది. మొదటిసారి ఆయన్ను ఎత్తబోయి ఇద్దరూ కిందపడ్డారు. మూట కదలకుండా ఉంటుంది, మనిషి తల వాలుతుంది, చేయి జారుతుంది. ఆయన మోచేయి చీరుకుపోయింది. జానీబీ ఏడుపు అందుకుంది.

"ఏడుపు తరవాత. పట్టు ఎక్కడ జారింది? ముందది చెప్పు" అన్నాడు నేల మీద పడి ఉండే.

"మోకాళ్ల కింద. ఎడమ చెయ్యి లోపలికి పోలేదు."

"మరి రేపు పోనీ."

మర్నాడు పోయింది. జానీబీ భర్తను రెండు చేతులా ఎత్తి, అడుగులో అడుగు వేస్తూ స్నానపు రాయి మీద కూచోబెట్టింది. హయాత్ సబ్బు అడిగి తీసుకుని, తల తనే రుద్దుకున్నాడు. కాగులో నీళ్లన్నీ అయిపోయేదాకా తల రుద్దుకుంటూనే ఉన్నాడు.

ఆ తరవాత ఊళ్లోవాళ్లు ఎవరూ ఆయన ఒంటి మీద చేయి వేయాల్సిన పని పడలేదు.

వానాకాలంలో పీర్ల పండగ వచ్చింది. తాలింఖానా కుర్రాళ్లు పీర్ల ముందు కర్రసాము చేసే ఆనవాయితీ ఉంది. హయాత్ పొద్దుటి నుంచీ డప్పులు వింటూ మంచంలో చేతులు కదుపుతున్నాడు.

"పోదామా?" అంది జానీబీ.

"బండి కట్టమని యలమందయ్యకు చెప్పు."

"బండెందుకు?"

ఆమె ఆయనకు తెల్ల లాల్చీ తొడిగి, చేతుల మీద ఎత్తుకుని వీధిలోకి నడిచింది. తల మీద ముసుగు సర్దుకోవడానికి చేయి ఖాళీ లేదు. అత్త వెనక నడుస్తూ, జారిన కొంగును మాటిమాటికీ ఆమె తల మీదికి లాగుతూ వచ్చింది. డప్పులు ఆగిపోయాయి. అరుగుల మీది మగవాళ్లు లేచి నిలబడ్డారు. జానీబీ మొదటిసారి తాలింఖానా గడప దాటి, గోదా అంచున ఆయన్ను కూచోబెట్టింది. యలమందయ్య వచ్చి వస్తాదు కాళ్లకు దణ్ణం పెట్టి కర్ర అందుకున్నాడు. హయాత్ కళ్లార్పకుండా సాము చూశాడు. అయిపోయాక, "వాడి కుడికాలు ఆలస్యంగా పడతంది" అన్నాడు జానీబీతో. ఆమె కూడా అది గమనించింది.

తిరిగొచ్చేటప్పుడు ఆమెకు ఆయాసం రాలేదు. వీధి చివరిదాకా ఎక్కడా ఆగలేదు. ఎంత బలం పట్టానో అనుకుని లోలోపల పొంగిపోయింది.

ఆ పొంగు మర్నాటిదాకానే నిలిచింది. పొద్దున అలవాటుగా మన్ను మూట ఎత్తింది. మూట బరువుగా ఉంది. మొదటినాళ్లంత బరువు కాదు గానీ, నిన్న వీధంతా మోసిన మనిషికంటే బరువు. ఇంకోసారి ఎత్తి చూసింది. తరవాత వెళ్లి ఆయన్ను ఎత్తింది. మళ్లీ వచ్చి మూట ఎత్తింది. మట్టి మట్టిలాగే ఉంది. తగ్గింది ఆయనే.

ఆ రోజు స్నానం చేయిస్తూ ఆమె చూసింది. రోజూ చూస్తూ కూడా చూడని ఒంటిని చూసింది. పిక్కలు లేవు. తొడలు ఆమె ముంజేతుల్లాగ అయ్యాయి. పక్కటెముకలు దూదేకే విల్లుకు కట్టిన నరాల్లా తేలాయి. ఆయన తోసిన కంచాలన్నీ, తాగించిన పాలన్నీ గుర్తొచ్చి చెంబు చేతిలోంచి జారింది.

"ఏందే?" అన్నాడు హయాత్.

"చెంబు జారింది" అంది.

అప్పటి నుంచి ఆయన కునుకు తీసే వేళ చూసి మూటలోంచి కాస్త కాస్త మన్ను తీసేది. మూటా ఆయనా సమానంగా ఉంటే రెంటినీ ఒకే తీరున ఎత్తుతుంది, తగ్గిన సంగతి ఆయనకు తెలియదని ఆమె ఆశ. కొన్నాళ్లు అట్లా గడిచింది. ఒకనాడు ఆమె మూట దించుతుంటే హయాత్ పిలిచాడు.

"జానీ. మన్ను ఎందుకు తీస్తన్నావే?"

ఆమె ఉలిక్కిపడింది.

"నేను తీయలా."

"ఎంతమందికి నేర్పాను? ఎత్తేవాడి ఊపిరి చప్పుడు వింటే బరువెంతో చెప్పగలను. నన్ను ఎత్తినప్పుడూ వింటన్నా. నెలల నుంచి వింటన్నా."

జానీబీ మంచం పక్కన కూలబడి ఆయన చేయి పట్టుకుంది. "నువ్వు తినాల్సినదంతా నేను తిన్నా. నిన్నే తిన్నాను నేను."

"పిచ్చి మాటలు మాట్టాడమాకు. నువ్వు తినకపోయినా ఈ ఒళ్లు నిలిచేది గాదు. డాక్టరు అప్పుడే చెప్పాడు నాకు. నీకొక్కదానికే చెప్పాడనుకున్నావా?" వేలితో మూట చూపించాడు. "నేనుండేదాకే నేర్పగలను. తీసిన మన్ను మళ్లీ పొయ్యి. రేపటి నుంచి ఇంకో దోసెడు ఎక్కువ."

ఆమె మన్ను పోసింది. మర్నాడు ఏడుస్తూనే ఎత్తింది. ఆయన ఏడుపు ఆపమనలేదు, మూట దించమనీ అనలేదు.

పత్తి తీసే రోజుల్లో హయాత్‌కు జ్వరం పట్టుకుంది. సైకిల్ మీద వచ్చే రాధాకృష్ణమూర్తి డాక్టరు గారు వీపు తిప్పి చూసి, "ఇంతకాలం ఒక్క పుండు పడకుండా చూశావమ్మా, ఆసుపత్రిలో కూడా ఇట్లా చూడరు" అన్నారు.

"మరి జ్వరమెందుకండీ?"

"మూత్రపిండాలు చెడ్డాయి. అవి బయటికి కనబడవు కదమ్మా. ఈ మాత్రలు జ్వరం తగ్గడానికి. అంతకు మించి నా చేతుల్లో లేదు."

జ్వరం తగ్గుతూ పెరుగుతూ ఉంది. తెలివి ఉన్నప్పుడు హయాత్ ఆమె చేత బస్కీలు తీయించేవాడు. గొంతు పోయాక మంచం పట్టె మీద వేలితో తాళం వేసేవాడు. ఆమె ఆ వేలిని చూస్తూ కూచునేది, లేచేది. ఒక మంచు పొద్దున ఆమె కూచుని లేచేసరికి వేలు కదల్లేదు. ఆమె మళ్లీ కూచుని, అట్లాగే ఉండిపోయింది. రహిమున్నీసా వచ్చి చూసి కేక పెట్టేదాకా లేవలేదు.

మసీదు పెద్దలొచ్చారు. శిష్యులంతా వచ్చి దడి బయట నిలబడ్డారు. స్నానం చేయించడానికి పెరట్లో బల్ల వేశారు. నలుగురు మగవాళ్లు మంచం దగ్గరకు వంగారు.

"ఆగండి" అంది రహిమున్నీసా. కొడుకు పోయినప్పటి నుంచి ఆమె నోటివెంట వచ్చిన మొదటి మాట అది. "వాణ్ణి అది ఎత్తుద్ది. మీరు తప్పుకోండి."

పెద్దలు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. చివరికి పక్కకు జరిగారు. జానీబీ ముందుకొచ్చింది. మోకాళ్ల కిందికి ఎడమ చేయి లోపలిదాకా పోనిచ్చింది. ఒంటికి ఆనించుకుంది. లేచింది. తల వాలకుండా తన భుజానికి ఆనించి, బల్లదాకా నడిచి, చప్పుడు కాకుండా పడుకోబెట్టింది. ఆపైన నీళ్లు పోయడం ఆమె కళ్లకు కనిపిస్తూనే ఉన్నా, ఎవరికి పోస్తున్నారో తెలియనట్టు నిలబడింది.

చావింట్లో పొయ్యి వెలిగించరు. ఇరుగుపొరుగు అన్నం తెచ్చారు. కనకలక్ష్మమ్మ గారు పప్పూ గోంగూర పచ్చడీ ఆకులో పెట్టి పంపింది. మగవాళ్లు గోరీలదొడ్డి నుంచి తిరిగొచ్చి ఎవరిళ్లకు వాళ్లు వెళ్లాక, జానీబీ ముందు కంచం పెట్టారు. వద్దంది. కానీ పొద్దుటి నుంచి ఖాళీగా ఉన్న ఒళ్లు ఆమె మాట వినలేదు. ఒక ముద్ద తినగానే ఆకలి మంటలా లేచింది. పక్కన కూచున్న ఆడవాళ్లు చూస్తుండగానే ఆమె పెద్దపెద్ద ముద్దలు తినసాగింది. మొగుణ్ణి మట్టిలో పెట్టి ఇంకా జామైనా కాలేదు. సిగ్గుతో, దుఃఖంతో ఆమె తల వంచుకుంది. అయినా చేయి ఆగడం లేదు. కన్నీళ్లు కంచంలో పడుతున్నాయి. చివరికి కంచం తోసేసి, "ఛీ, నా ఒళ్లు. ఇంత జరిగాక దీనికి కూడు కావాలంట" అని తొడల మీద దబదబా బాదుకుంది.

రహిమున్నీసా పాక్కుంటూ వచ్చి ఆ చేతులు పట్టుకుంది. ముసలామె చేతుల్లో పట్టు లేదు. జానీబీ తలుచుకుంటే ఒక్క విదిలింపుతో విడిపించుకోగలదు. విడిపించుకోలేదు.

"కొట్టమాకే. నా కొడుకు కష్టపడి పెంచిన ఒళ్లు ఇది. వాడిదని చెప్పుకోటానికి నాకింకేం మిగిలింది?"

తోసేసిన కంచాన్ని ముసలామె దగ్గరకు లాగింది. ఉబ్బసంతో గస పెడుతూనే అన్నం కలిపి, ముద్ద చేసి, కోడలి నోటి దగ్గర పెట్టి, ఆమె నోరు తెరిచేదాకా చేయి దించకుండా కూచుంది.